సిటీ మధ్యలోని నేచర్ రిజర్వ్‌కి ఒక్కరోజు: నాన్నగారితో, పాపతో వెళ్తే ఏమైనా కనపడుతుందా?

రెల్లుపూలు:
ఈ ఆదివారం సిటీలోనే ఉన్న ఒక నేచర్ రిజర్వ్‌కి వెళ్దామనుకుంటున్నాం. ఒక చెరువు, చుట్టూ రెల్లు, కాస్త చిట్టడవి, 3 కిలోమీటర్ల కాలిబాట. వచ్చేది నాన్నగారు (మోకాళ్ల నొప్పులు), ఏడేళ్ల పాప (ఒక్కచోట కుదురుగా ఉండదు), నేను. జూలోలా అన్నీ ఎదురుగా కనపడవని తెలుసు. కానీ ఏమీ కనపడకపోతే "దీనికా లాక్కొచ్చావు" అని పాపకంటే ముందు నాన్నగారే అంటారు, అదీ నా టెన్షన్. ఎన్నింటికి వెళ్లాలి? బైనాక్యులర్స్ కొనాలా?

బాటసారి_22:
ఊళ్లో కాకులు, పావురాలు తప్ప ఏముంటాయండీ. ఆ రోజేదో అసలు అడవికే పెట్టుకోండి.

కొంగజపం:
బాటసారి గారూ, ముంబైలో సంజయ్ గాంధీ నేషనల్ పార్క్ నగరాన్ని ఆనుకునే ఉంది, అందులో చిరుతలున్నాయి. లండన్‌లో వాడకం ఆగిపోయిన నీటి రిజర్వాయర్లను చిత్తడి నేలగా మార్చి 2000లో జనానికి తెరిచారు. చుట్టూ కాంక్రీటు ఉన్నప్పుడు మిగిలిన ఆ కాస్త నీళ్ల దగ్గరికే పక్షులన్నీ చేరతాయి.

రెల్లుపూలు గారూ, గేటు తెరిచే వేళకే అక్కడ ఉండండి. తెల్లారాక మొదటి రెండు గంటలే పిట్టల సందడి. ఎండెక్కితే నీడకు చేరతాయి, మళ్లీ పొద్దు వాలేటప్పుడే బయటికొస్తాయి. మధ్యాహ్నమే కుదిరేట్టయితే పిట్టలను వదిలేసి తూనీగలనూ సీతాకోకచిలుకలనూ చూపించండి. ఒంటికి ఎండ తగిలితే గానీ వాటికి ఊపు రాదు.

ఇంకో మాట, మీరు కాదన్నా చెప్తా: ఆ 3 కిలోమీటర్లూ నడవొద్దు. నీళ్లూ రెల్లూ కలిసే చోట కూర్చోండి. మనం నడుస్తున్నంతసేపూ అన్నీ దూరం జరుగుతూనే ఉంటాయి. అరగంట కదలకపోతే వాటంతటవే వెనక్కొస్తాయి. బాటంతా చుట్టేసి, ఫోన్లో అడుగులు లెక్క చూసుకుని, "ఇక్కడేం లేదు" అనేవాళ్లను చాలామందిని చూశాను. నాన్నగారి మోకాళ్లు మీకు మంచే చేస్తున్నాయి!

పాపకి పని కల్పించండి. నీటికాకి మునగ్గానే ఎక్కడ తేలుతుందో పందెం కాయండి. అది గట్టెక్కి రెక్కలు ఎందుకు చాపిందో అడగండి (ఈకలు తడిసిపోతాయి, ఆరబెట్టుకుంటుంది). చిన్న తెల్లకొంగ ఒంటికాలితో బురద కదిపి చేపల్ని బెదరగొట్టడం కనపడితే మీ పంట పండినట్టే.

బైనాక్యులర్స్ ఇప్పుడే కొనకండి, ఎవరినైనా అడిగి తెచ్చుకోండి. 8×42 అయితే బాగుంటుంది, అంటే 8 రెట్లు పెద్దగా చూపిస్తుంది, ముందున్న అద్దం 42 మిల్లీమీటర్లు. 12 రెట్లవి చేతిలో వణుకుతాయి, వాటిలోంచి పాపకి పిట్ట దొరకనే దొరకదు.

పిట్టగోడ:
ఫోన్లో మెర్లిన్ యాప్ వేసుకోండి, అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ వాళ్లది, ఉచితం. కూత వినిపిస్తే ఏ పిట్టో చెప్తుంది. మీ ప్రాంతం ప్యాక్ ఇంట్లో ఉండగానే దించుకోండి.

కొంగజపం:
యాప్ మంచిదే. కానీ అందులో ఉన్న కూతను గట్టిగా పెట్టి పిట్టల్ని పిలవకండి. తన చోటులోకి ఇంకో మగపిట్ట వచ్చిందనుకుని గూటిని వదిలి పోట్లాటకు వస్తుంది పాపం.

రెల్లుపూలు:
బాతులకి వేస్తానని పాప ఇప్పటికే బ్రెడ్ దాచిపెట్టింది. తీసుకెళ్లొచ్చా?

పిట్టగోడ:
వద్దండీ. వాటికి కడుపు నిండుతుంది గానీ బలం రాదు. తినగా మిగిలింది నీళ్లలో కుళ్లుతుంది. చాలాచోట్ల ఒప్పుకోరు కూడా.

రెల్లుపూలు:
సరే, బ్రెడ్ సంగతి పాపకి చెప్పే బాధ్యత తాతగారిది. ఆయన ఎలాగూ చీకటితోనే లేస్తారు. మడత కుర్చీ లోపలికి తేనిస్తారో లేదో రేపు ఫోన్ చేసి అడుగుతా.