నానో కేంద్రానికి మార్కులేసేటప్పుడు బ్రాండింగ్‌నూ లెక్కలోకి తీసుకోవాలా?

తుంగభద్ర_గట్టు:
సీమలోని ఒక యూనివర్సిటీ నానో పదార్థాల పరిశోధనకు ప్రత్యేక కేంద్రం పెట్టి, దానికి లోగో, నినాదం, రంగుల బ్రోచర్ కూడా చేయించింది. ఇప్పుడు ఆ కేంద్రం పనిని లెక్కగట్టే పట్టిక తయారవుతోంది. పరిశోధన పేపర్లు, పేటెంట్లు, బ్రాండింగ్ అని మూడు పద్దులు అనుకుంటున్నారు. మూడోదానికి అసలు మార్కులు వెయ్యొచ్చా? యూనివర్సిటీ పేరు ఇక్కడ అనవసరం. కర్నూలైనా, అనంతపురమైనా, కడపైనా ప్రశ్న ఇదే.

ముగ్గురాయి:
వెయ్యాల్సిందే. బ్రాండింగ్ అంటే పేపర్లో ఫొటో ఒక్కటే కాదండీ. కేంద్ర ప్రభుత్వం విద్యాసంస్థలకిచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగ్‌లోనే నూటికి 10 మార్కులు ‘పర్సెప్షన్’కు, అంటే బయటివాళ్లు మనల్ని ఏమనుకుంటున్నారో దానికి, ఉన్నాయి. అదట్లా ఉంచండి. మంగంపేట చుట్టూ ముగ్గురాయి (బెరైటీస్) పొడి కొట్టే మిల్లులున్నాయి. చమురు బావుల గ్రేడుకు 75 మైక్రాన్లు దాటిన పొడి 3 శాతం మించకూడదు, పెయింటు ఫిల్లరుకైతే ఇంకా మెత్తన కావాలి. తాడిపత్రి దిక్కు సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. వీళ్లకు కణాల సైజు కొలిచే యంత్రం ఇంత దగ్గర్లో ఉందని తెలీకపోతే శాంపిల్ హైదరాబాదుకో చెన్నైకో పోతుంది, ఇక్కడి యంత్రం దుమ్ము కొట్టుకుంటుంది. పరిశోధన పరికరాలను అందరికీ అందుబాటులో పెట్టే కేంద్ర ప్రభుత్వ ఐ-స్టెమ్ పోర్టల్లో పరికరం పేరు, రేటు, ఖాళీ తేదీలు పెట్టడం కూడా బ్రాండింగే. దానికి మార్కులు ఎందుకుండకూడదు?

పెన్న_ఇసుక:
ఐ-స్టెమ్ వరకు ఒప్పుకుంటా. బ్రోచర్లు అక్కడ ఆగవు కదా. ఇట్లాంటి బ్రోచర్లలో మామూలుగా కనపడే మూడు మాటలు తీసుకుని, ఒక్కోదాని వెనక ఏముండాలో చూద్దాం.

‘20 నానోమీటర్ల కణాలు.’ ఈ అంకె చాలాసార్లు ఎక్స్‌ఆర్‌డీ (పొడి మీద ఎక్స్-రేలు వేసి స్ఫటికాలను చదివే పరీక్ష) గ్రాఫులో శిఖరం వెడల్పు నుంచి షెరర్ సూత్రంతో తీసింది. అది స్ఫటికం సైజు, కణం సైజు కాదు. ఒక్క కణంలో అట్లాంటి స్ఫటికాలు పది అతుక్కుని ఉండొచ్చు. పైగా యంత్రం తనంతట తాను కలిపే వెడల్పును చాలామంది తీసెయ్యరు. అనటేస్ టైటానియాకు (టైటానియం డయాక్సైడులో ఒక రకం) 25.3 డిగ్రీల దగ్గర శిఖరం, సగం ఎత్తులో దాని వెడల్పు 0.4 డిగ్రీలు అనుకోండి. రాగి ట్యూబు, ఎక్స్-రే తరంగదైర్ఘ్యం 1.5406 ఆంగ్‌స్ట్రాములు, స్థిరాంకం 0.9 వేస్తే 20 నానోమీటర్లు వస్తుంది. అందులో యంత్రం వాటా 0.1 డిగ్రీ అయితే, దాన్ని నేరుగా తీసేస్తే 27. వర్గాల తేడా తీసి వర్గమూలం కడితే 21. ఏ లెక్క కట్టారో, యంత్రాన్ని ప్రమాణంగా వాడే సిలికాన్ పొడితో సరిచూసుకున్నారో, ల్యాంథనం హెక్సాబోరైడ్‌తోనో, అసలు సరిచూసుకోనే లేదో రాయకుండా ‘20’ అని అచ్చువేస్తే ఏం నమ్మాలి? డీఎల్‌ఎస్‌తో, అంటే నీళ్లలో తేలే కణాలు కాంతిని చెదరగొట్టే తీరుతో, కొలిచామంటే ఇంకో చిక్కు. అంత చిన్న కణాల నుంచి చెదిరే కాంతి వ్యాసం ఆరో ఘాతంతో పెరుగుతుంది. 100 నానోమీటర్ల కణం ఒక్కటి, 10 నానోమీటర్లవి పది లక్షలు చెదరగొట్టినంత కాంతి చెదరగొడుతుంది. ఏవో నాలుగు ముద్దలున్నా సగటు ఎక్కడికో పోతుంది.

‘ఆకు రసంతో వెండి నానో కణాలు.’ 10 గ్రాముల వేపాకును 100 మిల్లీలీటర్ల నీళ్లలో పది నిమిషాలు మరిగించి వడగడతారు. 10 మిల్లీలీటర్ల రసాన్ని 90 మిల్లీలీటర్ల ఒక మిల్లీమోలార్ సిల్వర్ నైట్రేట్‌లో పోస్తారు. గోధుమరంగు తిరుగుతుంది, 420 నానోమీటర్ల చుట్టుపక్కల కాంతి పీల్చుకునే శిఖరం కనపడుతుంది. ఇంతవరకు నిజమే. కానీ బీకరును చివర బోరునీళ్లతో కడిగి వదిలేసినా, ఆకులోనే ఉప్పు ఎక్కువున్నా క్లోరైడు వెండిని పట్టేసుకుంటుంది. ఎక్స్‌ఆర్‌డీలో 38.1, 44.3, 64.4, 77.4 దగ్గరివి వెండి గీతలు. 27.8, 32.2, 46.2 దగ్గర కూడా గీతలుంటే అవి సిల్వర్ క్లోరైడువి. వాటికి పేరు పెట్టకుండా దాటేసిన గ్రాఫులు వెతికితే బోలెడు దొరుకుతాయి. తర్వాత బాక్టీరియా పరీక్ష. కణంగా మారకుండా మిగిలిన వెండి అయానే బాక్టీరియాను చంపేస్తుంది. కాబట్టి కణాలను సెంట్రిఫ్యూజ్ చేసి (గిర్రున తిప్పి అడుక్కి దింపి) రెండు మూడుసార్లు కడగాలి. కడిగిన కణాలు, పైన తేలిన నీళ్లు, ఒట్టి ఆకు రసం, అంతే వెండి ఉన్న సిల్వర్ నైట్రేట్, వీటిలో తడిపిన ఈ నాలుగు కాగితపు బిళ్లలూ ఒకే బాక్టీరియా ప్లేటులో ఉండాలి. ఒట్టి రసాన్ని మాత్రమే పక్కన పెట్టి ‘నానో గెలిచింది’ అనడం పందెంలో ఒక్క కోడినే దింపడం.

‘సూర్యకాంతితో రంగునీళ్ల శుద్ధి.’ మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు లీటరుకు 10 మిల్లీగ్రాములు, 100 మిల్లీలీటర్లలో 50 మిల్లీగ్రాముల నానో పొడి. ముందు అరగంట చీకట్లో కలపాలి. లేదంటే పొడికి అంటుకున్న రంగును కూడా కాంతి విరగ్గొట్టినట్టు రాసుకుంటారు. తీసిన ప్రతి శాంపిల్‌ను సెంట్రిఫ్యూజ్ చెయ్యకపోతే తేలే పొడి కాంతిని చెదరగొట్టి రంగు ఎంత మిగిలిందో చెప్పే 664 నానోమీటర్ల రీడింగును చెడగొడుతుంది. మిథిలీన్ బ్లూ తానే కాంతిని పీల్చుకుని విరుగుతుంది కూడా. అందుకే పొడి వెయ్యని నీళ్లను ఒకసారి, రంగులేని ఫినాల్‌ను ఇంకోసారి పరీక్షించాలి. పక్కన అందరూ కొలబద్దగా వాడే పీ25 టైటానియా పెట్టి పోల్చాలి. మామూలు టైటానియా పట్టుకునేది 387 నానోమీటర్ల లోపు కాంతిని, అది ఎండలో ఐదు శాతం కూడా ఉండదు. అనంతపురంలో ఎండకు కొదవ లేదన్నది బ్రోచర్ వాక్యం. ఆ ఎండలో పనికొచ్చే భాగమెంతన్నది వేరే వాక్యం.

హగరి_వంక:
అన్నా, ఇట్ల పట్టుకుంటే దేశంలో యా కేంద్రమూ పాసు కాదు. జిల్లా యూనివర్సిటీలో టెమ్ (ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు) ఉండదు. కణాలు నేరుగా చూసి 200 లెక్కపెట్టాలంటే బయట స్లాట్ దొరకాల, శాంపిల్ పెట్టే గ్రిడ్ కొనాల, నెలలు ఆగాల. ఉపరితల వైశాల్యం కొలిచే బీఈటీ యంత్రానికి ప్రతి శాంపిల్‌కూ ద్రవ నైట్రోజన్ కావాల. అది పశుసంవర్ధక శాఖోళ్లు వీర్యం గొట్టాలకు తెప్పించుకునే సరుకే, మూత పెట్టినా డ్యూవార్లో (థర్మాస్ లాంటి డబ్బాలో) రోజూ రొంత ఆవిరయితానే ఉంటాది. ఎక్స్‌ఆర్‌డీ ట్యూబు చల్లబడనీకి చల్లనీళ్లు తిప్పే చిల్లర్ కావాల, దాంట్లో మన గట్టి నీళ్లు పోస్తే సున్నం పేరుకుని ప్రవాహం తగ్గుతాది, రక్షణ స్విచ్చి మాటిమాటికీ పడిపోతాది. ఇవన్నీ ఓర్చుకుని చేసినోళ్లకు ఇయన్నీ తప్పులని రాసేస్తే ఎట్ల? ‘కణం’ అన్నచోట ‘స్ఫటికం’ అని రాయమని చెప్పండి, అది పైసా ఖర్చు లేని పని. టెమ్ లేదని మార్కులు కోసేది మాత్రం న్యాయం కాదు.

పెన్న_ఇసుక:
టెమ్ లేకపోవడం తప్పని నేనెక్కడా అనలేదు. మీరు చెప్పిన ఆ ఒక్క మాట మార్పే నాకూ కావాల్సింది. ఖర్చు లేనివే ముందు అడుగుదాం: నాలుగో బిళ్ల, చీకటి అరగంట, పొడి వెయ్యని నీళ్లు.

కేసీ_కాలువ:
నానో బ్రాండు ఎట్లుంటుందో రైతుకు కొత్త కాదు. 2021లో వచ్చిన నానో యూరియా అర లీటరు సీసా ఒక బస్తాకు సమానమన్నారు. అప్పటి సీసాలో నత్రజని 4 శాతం, అంటే 20 గ్రాములు. 45 కిలోల బస్తాలో 46 శాతం, అంటే 20.7 కిలోలు. బస్తాలో మూడొంతుల్లో రెండొంతులు గాలికీ నీటికీ పోయినా పైరుకు ఏడు కిలోలు అందుతుంది. మిగతాది మీరే కట్టుకోండి.

బోరునీళ్లు:
పేపర్లూ బ్రోచర్లూ పక్కన పెట్టి ఒక్క ఊరి సమస్యతో పరీక్ష పెట్టండి. అనంతపురం జిల్లాలో ఫ్లోరైడు ఉంది. తాగేనీళ్ల భారత ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5. ఫ్లోరైడును పట్టే నానో అల్యూమినానో, హైడ్రాక్సీ అపటైటో చేశామంటారు, గ్రాముకు ఇన్ని మిల్లీగ్రాములు పట్టుకుందని గ్రాఫు గీస్తారు. అది లీటరుకు 50 మిల్లీగ్రాముల ఫ్లోరైడు కలిపిన డిస్టిల్డ్ వాటర్లో చేసి ఉంటారు. మన బోరులో ఉండేది 2 నుంచి 5 అనుకోండి, దాంతోపాటు బైకార్బొనేట్ దండిగా ఉంటుంది, పీహెచ్ 8 దగ్గర ఉంటుంది. అక్కడ పట్టే శక్తి బాగా పడిపోతుంది.

పొడిని గొట్టంలో నింపితే నీళ్లు దిగవు. గుళికలు చెయ్యాలి, గుళిక చేస్తే ఉపరితలం తగ్గుతుంది. అందుకని అడగాల్సిన అంకెలు వేరే. అసలు బోరునీళ్లతో గొట్టం నడిపితే బయటికొచ్చే నీళ్లలో 1 మిల్లీగ్రాము దాటేలోపు గొట్టం ఘనపరిమాణానికి ఎన్నింతల నీళ్లు పోయాయి? కాస్టిక్ సోడాతో కడిగి మళ్లీ వాడితే మూడోసారికి ఎంత మిగిలింది? బయటికొచ్చే నీళ్లలో అల్యూమినియం ఎంత? దానికీ హద్దుంది, 0.03, గత్యంతరం లేకపోతే 0.2. కడిగిన కాస్టిక్ నీళ్లు ఎక్కడ పోశారు? ఈ చివరి ప్రశ్నకు జవాబున్న పేపరు దొరికితే చెప్పండి.

ముగ్గురాయి:
బోరునీళ్లు గారూ, మూడేండ్ల కేంద్రాన్ని పట్టుకుని ఫిల్టర్ ప్లాంటు అడుగుతున్నారు. నెల రోజుల గొట్టం పరీక్ష అంటే సరే. అయినా నా మాట వెనక్కి తీసుకోను, రొంత మారుస్తా. బ్రాండింగ్‌కు మార్కులుండాలి, కానీ రెండింటికే: బయటి శాంపిళ్లు ఎన్ని వచ్చాయి, వాటిలో మళ్లీ వచ్చినవాళ్లు ఎందరు. లోగోకు, ఫ్లెక్సీకి సున్నా.

పెన్న_ఇసుక:
దానికి నేనూ ఓటేస్తా. పేటెంట్ల పద్దు గురించి కూడా ఒక మాట. ఫారం 9 కట్టి అడిగితే దరఖాస్తు తొందరగా పేటెంట్ ఆఫీసు పత్రికలో పడుతుంది. అది ‘పబ్లిష్డ్’ మాత్రమే, ఎవరూ పరిశీలించింది కాదు. పరీక్షకు ఫారం 18 వేశారా, పరీక్షకుడి అభ్యంతరాలకు జవాబిచ్చారా, మంజూరైందా చూడాలి. మంజూరైతే ఫారం 27లో వాడుకలో ఉందా లేదా రాయాలి, అక్కడ ‘వాడటం లేదు’ అని ఉంటే మార్కులు తగ్గాలి. విదేశీ డిజైన్ రిజిస్ట్రేషన్ కాగితాన్ని పేటెంటని చూపిస్తే ఆ పద్దే కొట్టెయ్యాలి. డిజైన్ అంటే వస్తువు ఆకారానికి రక్షణ, పనికి కాదు.

తుంగభద్ర_గట్టు:
అయితే బయటి శాంపిళ్ల లెక్కకు ఆధారం యంత్రం లాగ్ బుక్కే అవుతుంది. తేదీ, శాంపిల్ పంపినవాళ్లు, నడిచిన గంటలు, పాడైన రోజులు, ట్యూబు మార్చిన తేదీ. దాన్ని ఎవరి దగ్గర ఉంచాలి? డిపార్ట్‌మెంట్ ఆఫీసులోనా?

హగరి_వంక:
ఆఫీసులో పెడితే నెలాఖరున కూర్చుని ఒకే పెన్నుతో నింపుతారప్పా. యంత్రం పక్కనే, దారంతో కట్టి పెట్టండి.