‘గాటెన్’ తప్పా? ‘గెట్’ క్రియ మీద ఒక చర్చ

కృష్ణాతీరం:
మేం ఆరేళ్లు టెక్సస్‌లో ఉండి పోయిన ఏడాది హైదరాబాద్ వచ్చేశాం. పాప ఏడో తరగతి. నిన్న ఇంగ్లిష్ యూనిట్ టెస్టు పేపరు తెచ్చింది. ‘మై తెలుగు హ్యాజ్ గాటెన్ బెటర్’ అని రాసింది. ‘గాటెన్’ చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, పక్కన ‘అలాంటి మాట లేదు’ అని రాసి అర మార్కు కోశారు. మార్కు పోతే పోయింది, కానీ ఆ మాట చూసి పిల్ల మొహం చిన్నబోయింది. ‘అక్కడ మా టీచర్ ఇలాగే చెప్పింది కదా నాన్నా’ అంటే నా దగ్గర జవాబు లేదు. నిజంగా తప్పేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

పాత బడి టీచర్:
ముప్పై ఏళ్లు ప్రభుత్వ హైస్కూల్లో ఇంగ్లిష్ చెప్పాను. ‘గెట్, గాట్, గాట్’ అని బోర్డు మీద రాసి వల్లె వేయించాం. మనం నేర్పేది బ్రిటిష్ పద్ధతి. ‘గాటెన్’ అమెరికా వాళ్ల మాట, మన పరీక్షలో అది తప్పే. ఇంకో సంగతి. అసలు ‘గెట్’నే పిల్లలు అతిగా వాడతారు. ఒకసారి ఒక పేజీ వ్యాసంలో పదకొండుసార్లు లెక్కపెట్టాను. ఉత్తరం అందినా గెట్, ఇంటికి చేరినా గెట్, కోపం వచ్చినా గెట్, అర్థమైనా గెట్. ఒక్కోదానికీ సరైన క్రియ ఉంది. అవి నేర్పకపోతే పిల్లల భాష పెరగదు.

పదాల పెట్టె:
టీచర్ గారూ, ‘అమెరికా వాళ్ల మాట’ అన్నారే, అక్కడే నాకు పేచీ. ఇది అమెరికాలో పుట్టలేదు. 17వ శతాబ్దంలో ఇంగ్లండ్ నుంచి ఓడలెక్కి వెళ్లినవాళ్లు మూటాముల్లెతో పాటు తీసుకెళ్లిన మాట. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో ఆదికాండం నాలుగో అధ్యాయం మొదటి వచనం చూడండి. కయీనును కన్నాక హవ్వ పలికిన మాటలో ‘గాటెన్’ ఉంది. మన తెలుగు బైబిల్లో అదే చోట ‘సంపాదించుకొన్నాను’ అని ఉంటుంది. 18వ శతాబ్దానికి ఇంగ్లండ్‌లో ఇది వాడుక తప్పుతూ వచ్చింది, అమెరికాలో నిలిచింది. అమ్మమ్మ నగ పుట్టింట్లో కరిగించేశాక, అత్తింటికి వెళ్లిన పిల్ల దగ్గర మాత్రం మిగిలినట్టు. పైగా మీరు రోజూ దిద్దే ‘ఫర్‌గాటెన్’లో ఆ తోక ఇప్పటికీ ఉంది కదా!

ఆ మాటకొస్తే ‘గెట్’ కూడా బయటినుంచి వచ్చిందే. 9వ శతాబ్దం నుంచి ఉత్తర, తూర్పు ఇంగ్లండ్‌లో స్థిరపడిన వైకింగుల (స్కాండినేవియా నుంచి ఓడల మీద వచ్చినవాళ్లు) నార్స్ భాషలో ‘గెటా’ అనే క్రియ ఉంది. చేజిక్కించుకోవడం, బిడ్డను కనడం దాని అర్థాలు. పాత ఇంగ్లిష్‌లో దీని దాయాది క్రియ ఉండేది గానీ, ముందు ఏదో ఒకటి తగిలించుకునే ఎక్కువగా కనిపించేది. ‘బిగెట్’, ‘ఫర్‌గెట్’ అలా మిగిలినవే. అందులో గకారం యకారంలా పలికేది. 14వ శతాబ్దపు ఇంగ్లిష్ కవి చాసర్ రాతల్లో కూడా ‘ఫర్‌గెట్’ యకారంతోనే కనిపిస్తుంది. ఇవాళ మనం గట్టిగా పలికే ‘గ’ వైకింగుల చలవ. పట్టుకోవడం అనే అర్థమున్న లాటిన్ క్రియ ఒకటి దీనికి దూరపు చుట్టం, ‘ప్రిజన్’ అనే మాట ఆ వైపు నుంచి వచ్చింది.

డాలస్ బాబాయ్:
చరిత్ర సరే, నాకు అనుభవమైంది చెబుతాను. కొత్తగా వచ్చిన రోజుల్లో మా మేనేజర్ ‘ఐ హ్యావ్ గాటెన్ టు సీ ద న్యూ బిల్డింగ్’ అన్నాడు. చూడాల్సి ఉంది అంటున్నాడనుకుని ‘రేపు వెళ్దామా’ అన్నాను. ఆయన అప్పటికే చూసొచ్చాడు! ‘గాట్ టు’ అంటే వెళ్లక తప్పదు, ‘గాటెన్ టు’ అంటే ఆ అవకాశం దొరికింది. ‘ఐ హ్యావ్ గాట్ ఎ కార్’ అంటే నా దగ్గర కారు ఉంది, అక్కడ ‘గాటెన్’ అంటే కొన్నాననో, సంపాదించాననో అర్థం. ఉండటానికీ దొరకడానికీ ఉన్న తేడాను ఇక్కడివాళ్లు ఆ ఒక్క తోకతో చెప్పేస్తారు. అలాంటి మాటను లేదనడం అన్యాయం.

పాత బడి టీచర్:
ఫర్‌గాటెన్ సంగతి నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నాను. ‘అలాంటి మాట లేదు’ అని రాయడం కూడా తప్పే. నేనైతే పక్కన ‘మన పుస్తకంలో గాట్’ అని రాసేదాన్ని. కానీ మార్కు సంగతి వేరు. నలభై మంది పేపర్లు దిద్దేటప్పుడు ఒక్క ప్రమాణం ఉండాలి. అన్నిటికీ ‘గెట్’ వద్దన్న మాట మీద కూడా నిలబడతాను.

పదాల పెట్టె:
అది కూడా ఆలోచించండి టీచర్ గారూ. మన ‘పడు’ తీసుకోండి. వాన పడుతుంది, మనిషి భయపడతాడు, కష్టపడతాడు, చలికి అలవాటు పడతాడు, దొంగ పట్టుబడతాడు. వీటిలో నిజంగా కింద పడింది వాన ఒక్కటే. చివరి రెండూ ఇంగ్లిష్‌లో చెబితే ‘గెట్ యూజ్డ్ టు’, ‘గెట్ కాట్’. చేతికి చిక్కడం నుంచి వాళ్లూ, పడటం నుంచి మనమూ ఒకే చోటికి చేరాం. ‘పడు’ను వ్యాసంలో వాడొద్దని ఏ తెలుగు టీచరూ అనరు కదా! ‘రిసీవ్’, ‘అబ్టెయిన్’ లాంటివి ఫ్రెంచి దారిన వచ్చిన లాటిన్ మాటలు. వాటికి దొరికిన గౌరవం ‘గెట్’కు దొరకలేదు. మన దగ్గర ‘లభించింది’ రాస్తే గొప్ప, ‘దొరికింది’ రాస్తే నాసి అనుకున్నట్టే. గిడుగు వారు కొట్లాడింది ఆ చూపుతోనే.

పాత బడి టీచర్:
‘దొరికింది’ నాసి అని నేనెన్నడూ అనలేదు. ఒకే పేజీలో పదకొండుసార్లు వద్దన్నాను, అంతే.

కృష్ణాతీరం:
అందరికీ థాంక్సండీ. ఇవన్నీ పాపకు చదివి వినిపించాను. ఫర్‌గాటెన్ దగ్గర లేచి కూర్చుంది. ఇంట్లో ఉన్న ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు తనే తీసి చూసింది. ‘గాటెన్’ ఉంది, ఉత్తర అమెరికా వాడుక అనే గుర్తుతో. సోమవారం ఆ పేజీ టీచర్‌కు చూపిస్తానంటోంది. మార్కు అడగొద్దు, పక్కన రాసిన మాట మాత్రం మార్చమని అడుగు అని చెప్పాను.