నల్ల ట్రఫుల్ కొనేటప్పుడు ఏం చూడాలి?

పొదలకూరు_రోడ్డు:
మాది నెల్లూరు. మా తమ్ముడు చెన్నైలో ఒక హోటల్ కిచెన్‌లో పని చేస్తాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు అమ్మానాన్నలకి నల్ల ట్రఫుల్‌తో (మట్టి లోపల పెరిగే పుట్టగొడుగు లాంటిది, వాసన కోసం వంటల్లో వేస్తారు) పాస్తా చేసిపెట్టాలని వాడికి చాలా ఆశ. అక్కడ ఒకతను ‘వింటర్ బ్లాక్’ అని ఒక రేటు, ఉత్త ‘బ్లాక్ ట్రఫుల్’ అని అందులో సగం కూడా లేని ఇంకో రేటు చెప్పాడంట. ఫొటోల్లో రెండూ ఒకటే, నల్లగా గరుకుగా ఉన్నాయి. ఏది తీసుకోమంటారు?

కావలి_వంటిల్లు:
ఫొటో చూసి డబ్బులు కట్టొద్దండీ. బిల్లు మీద శాస్త్రీయ నామం రాసివ్వమని అడగమనండి. ట్యూబర్ మెలనోస్పోరమ్ అని ఉంటే అసలైన శీతాకాలపు నల్ల ట్రఫుల్, యూరప్‌లో డిసెంబర్ నుంచి మార్చి దాకా సీజన్, కాబట్టి సంక్రాంతి సరైన టైమే. ట్యూబర్ ఇండికమ్ అయితే చైనా నుంచి వచ్చే రకం, పైకి అచ్చం అలాగే ఉంటుంది గానీ వాసన చాలా తక్కువ. సగం రేటు అంటున్నారంటే నాకు దాని మీదే అనుమానం.

చేపకి మొప్పలు ఎత్తి చూసినట్టు దీనికి లోపల చూడాలి. ఫ్రాన్స్ సంతల్లో చాకుతో అంచున చిన్న ముక్క గీరి చూపిస్తారు, మీ తమ్ముణ్ణి కూడా అలాగే అడగమనండి, తప్పేం లేదు. లోపల నలుపు, మధ్యలో సన్నటి తెల్ల గీతలు ఉంటే పండింది. మొత్తం తెల్లగా ఉంటే ఇంకా పచ్చిది, వాసన రాదు. నొక్కితే గట్టిగా ఉండాలి, స్పాంజిలా దిగిందంటే పాతది. అంటుకున్న మట్టి కూడా తూకంలో పడుతుంది, దులిపాకే తూయించండి. ఘాటైన అమ్మోనియా వాసన వస్తే ఎంత తగ్గించినా వద్దు.

ఒంగోలు_అక్క:
కొన్నాక జాగ్రత్త ముఖ్యం తమ్ముడూ. బియ్యంలో పెట్టమని చాలామంది చెబుతారు, పెట్టొద్దు, తేమంతా లాగేస్తుంది. టిష్యూ పేపర్లో చుట్టి, మూత గట్టిగా పట్టే డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో ఉంచండి, పేపర్ రోజూ మార్చాలి. ఎంత బాగా దాచినా రోజురోజుకీ వాసన తగ్గిపోతుంది, అందుకని పండక్కి ఒకటి రెండు రోజుల ముందే కొనండి. చెన్నై నుంచి వచ్చేటప్పుడు ఐస్ ప్యాక్ ఉన్న బ్యాగ్‌లో తెస్తే చాలు. అదే డబ్బాలో పెంకుతో ఉన్న కోడిగుడ్లు నాలుగు పెట్టి చూడండి, వాసన గుడ్లకి కూడా పడుతుంది, మర్నాడు ఆమ్లెట్ వేసుకోవచ్చు.

పొదలకూరు_రోడ్డు:
థ్యాంక్స్ అక్కా, ఇది మాకు తెలీదు. నలుగురికి ఎంత కావాలి? దాని బదులు ట్రఫుల్ ఆయిల్ సీసా కొంటే సరిపోదా?

కావలి_వంటిల్లు:
మనిషికి ఎనిమిది నుంచి పది గ్రాములు, అంటే నలుగురికి 40 గ్రాములు తీసుకోండి. ఆయిల్ మాత్రం వద్దు. చాలా సీసాల్లో ఉండేది ల్యాబ్‌లో తయారైన ఫ్లేవరే, లేబుల్ వెనక సన్నక్షరాల్లో ‘ఫ్లేవరింగ్’ అని ఉంటుంది చూడండి. పాస్తాలోకి వెన్న కరిగించి, స్టవ్ ఆపేశాక సగం తురిమి అందులో కలపండి, మిగతాది పళ్ళెంలో వడ్డించాక పైన పల్చగా చెక్కండి. వెల్లుల్లి, మిరియాలు ఎక్కువ వేస్తే దాని వాసన తేలదు.