సమస్య: "మోసి తెచ్చిన సందేశమున్ దినిరట"

నిర్వాహకుడు:
కవిమిత్రులకు నమస్కారం. ఈ వారం పూరించవలసిన తేటగీతి పాదం ఇది.

మోసి తెచ్చిన సందేశమున్ దినిరట

సందేశాన్ని వింటాము, చదువుతాము, తినడమేమిటని మనం ఆగిపోయే చోట బెంగాలీవారు చేయి చాస్తారు. పాలు విరిచి తీసిన ఛానాను చక్కెరతో కలిపి, సన్నని సెగ మీద తిప్పి, అచ్చులో ఒత్తి చేసే మిఠాయికి వారి భాషలో 'సందేశ్' అని పేరు. శుభవార్తతో పాటు పంపే తీపి కనుక వార్త పేరే తీపికి వచ్చిందని చెబుతారు. పాత కలకత్తా మిఠాయి దుకాణాలను, ఆ కాలపు ఇళ్ళను వస్తువుగా తీసుకొని పూరించమని మనవి.

పూరణ 1 (ఖరగ్‌పూర్ సభ్యులు):

పెండ్లి కబురును దెలుపంగ వియ్యవారి
యింటి కిత్తడి పళ్ళెర మెత్తి తలను
సేవకులు వచ్చి నంతనే చెలిమి మీఱ
మోసి తెచ్చిన సందేశమున్ దినిరట.

నిర్వాహకుడు:
ఆర్యా, సందేశాన్ని తినడమన్న విరోధాన్ని పెండ్లి కబురుతో సునాయాసంగా పరిహరించారు. మొదటి పాదంలో 'పె-వి' యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నియమిత స్థానంలోని అక్షరంతో కుదరవలసిన మైత్రి, చెల్లుతుంది. 'చెలిమి మీఱ' మాత్రం పాదం నిండడానికి వచ్చినట్లున్నది. పెండ్లికి ముందు వియ్యంకుల ఇళ్ళ మధ్య నడిచే ఆ కానుకలను వారు 'తత్త్వ' అంటారు. రోహు చేపకు పెండ్లికూతురిలా ముక్కెర పెట్టి, దాని పక్కన చేప ఆకారపు సందేశ్‌ను ఉంచి పంపడం ఆ ఆచారంలోనిదే. ఆ చేప మీ మూడవ పాదంలోకి ఈదుకుంటూ వచ్చి ఉంటే పద్యం ఇంకొక మెట్టు ఎక్కేది.

ఖరగ్‌పూర్ సభ్యులు:
ధన్యవాదాలు. ఒక్క మాట చెప్పుకుంటాను. రైల్వేలో చేరిన కొత్తలో నేను కలకత్తా వెళ్ళినప్పుడల్లా బౌబజారులో భీమ్ చంద్ర నాగ్ వారి 1826 నాటి దుకాణం ముందు నిలబడేవాడిని. సందేశ్‌లో 'నరమ్ పాక్' అంటే మన లేతపాకం వంటిది, 'కడా పాక్' అంటే ముదురుపాకం. లేతది ఆ పూటకే రుచి. ముదురుది రెండు మూడు రోజులు నిలుస్తుంది. హౌరా నుండి సుమారు 115 కిలోమీటర్లు ప్యాసింజరు బండిలో ఒడిలో పెట్టుకొని తెచ్చేవాడికి ముదురుపాకమే గతి. కనుక సమస్యలోని 'మోసి తెచ్చిన' అన్న మాటకు న్యాయం చేసేది కడా పాక్ ఒక్కటే.

పూరణ 2 (హైదరాబాదు సభ్యులు):

యక్షుఁ డంపిన సందేశ మంబుదమ్ము
చేరవేయఁగ వినెనంట చెలియ నాఁడు;
వంగభూమిని మోదకుల్ వండి మలచి
మోసి తెచ్చిన సందేశమున్ దినిరట.

రాజమహేంద్రవరం సభ్యులు:
'మేఘదూతం' రాసిన కాళిదాసు వస్తాడని మొదటి రోజే అనుకున్నాను. యక్షుడి సందేశం చెవికి, వంగదేశపు సందేశం నోటికి అన్న విభజన ముచ్చటగా ఉన్నది. అయితే మోదకం అంటే మనకు వినాయకుడి చేతిలోని కుడుము కదా, 'మోదకుల్' అంటే తెలుగు పాఠకుడికి ఎలా అందుతుంది?

హైదరాబాదు సభ్యులు:
అక్కడ మిఠాయి చేసే కులవృత్తివారిని 'మొయిరా' అని, 'మోదక్' అని అంటారండీ. చందన్‌నగర్‌లో 'జల్‌భరా' సందేశ్‌కు పేరుపడిన సూర్య కుమార్ మోదక్ ఆ ఇంటిపేరువారే. ఒక జమీందారు కుటుంబం కొత్త అల్లుడిని ఆటపట్టించమని కోరితే, ఆయన తాటిముంజె ఆకారపు సందేశ్ లోపల గులాబీ పన్నీరు నింపి ఇచ్చారని, అల్లుడు కొరకగానే అది చిమ్మి పట్టుబట్టలు తడిశాయని అక్కడ కథగా చెప్పుకుంటారు.

నిర్వాహకుడు:
ఆ అల్లుడి కథను వదిలి యక్షుడిని పట్టుకున్నందుకు మీకు సగం మార్కులే వేయాలి. 'మోదకుల్' ఉండనివ్వండి, మోదం కలిగించేవాడు అన్న అర్థం స్ఫురిస్తూనే ఉన్నది.

పూరణ 3 (రాజమహేంద్రవరం సభ్యులు):

పాలు విరిచిన నేరమౌ పాలనమునఁ
గావలుండఁగఁ జాటుగా గంపలోన
దాఁచి, పెండ్లిండ్ల వేళలఁ దలుపు మూసి
మోసి తెచ్చిన సందేశమున్ దినిరట.

నిర్వాహకుడు:
ఇప్పటివరకు వచ్చినవాటిలో నాకు ఎక్కువ నచ్చిన పూరణ ఇది. 1965లో ప్రఫుల్ల చంద్ర సేన్ ముఖ్యమంత్రిగా ఉండగా, పాల కొరత కారణంగా పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఛానాతో మిఠాయిలు చేయడాన్ని నిషేధించింది. తరతరాలుగా ఛానా తప్ప వేరొకటి ఎరుగని దుకాణాలకు అది ఎంతటి దెబ్బో ఊహించవచ్చు. గంపలో దాచడం మీ కల్పనే అయినా ఆ కాలానికి అతుకుతుంది. 'పాలు విరిచిన నేరము' అన్నది రెండు వైపులా తెగే మాట. పాలు విరగడం అశుభమన్న పాత నమ్మకమూ అందులో పలుకుతున్నది. దోషమల్లా అన్వయంలోనే ఉన్నది. 'దాఁచి' అన్నది 'మోసి తెచ్చిన'తో కలవాలి, 'తలుపు మూసి' అన్నది 'దినిరట'తో కలవాలి. పాఠకుడు తలుపు మూసిన తరువాత గంప మోసినట్లు చదువుకునే ప్రమాదం ఉన్నది.

రాజమహేంద్రవరం సభ్యులు:
దూరాన్వయమే, ఒప్పుకుంటాను. దొంగసరుకు దారి తిన్నగా ఉండదు గురువుగారూ!

పూరణ 4 (కొత్త సభ్యురాలు):
అందరికీ నమస్కారం. మా అమ్మ బాల్యం కలకత్తాలో గడిచింది. ఇది నా మొదటి ప్రయత్నం. తప్పులు దిద్దమని ప్రార్థన.

గోడ గడియార మందున వంగ లిపిని
జూచుచుండఁగఁ గాలమ్ము సోలిపోయె;
తాతగారలు సాలపత్రములఁ బెట్టి
మోసి తెచ్చిన సందేశమున్ దినిరట.

నిర్వాహకుడు:
అమ్మా, స్వాగతం. 'కాలమ్ము సోలిపోయె' అన్నది చేయి తిరిగినవారికి కూడా ఊరికే దొరికే మాట కాదు. మీరు చెప్పిన గడియారం భీమ్ నాగ్ దుకాణంలోని కుక్ అండ్ కెల్వీ వారిదే కదా? ఆంగ్లేయుల గడియారాల కంపెనీ బెంగాలీ అంకెలతో ముఖఫలకం చేయించి ఇచ్చిన విచిత్రం అది. ఇక దోషాలు. మొదటి పాదంలో 'గో'కు 'వం'తో యతి కుదరదు. 'వంగలిపి గడియారము వంకఁ దిరిగి' అంటే సరిపోతుంది. గోడ పోతుంది కాని గడియారం మిగులుతుంది. అప్పుడు రెండవ పాదం 'చూచుచుండఁగ' అని మొదలవుతుంది. మూడవ పాదంలో 'తా-త్ర' యతి సరైనదే. కాని తాతగారు మోసి తెచ్చారు సరే, తిన్నదెవరు?

ఖరగ్‌పూర్ సభ్యులు:
గణాలు, యతులు అలా ఉంచండి. అమ్మాయి సాలపత్రం అనగానే నా చేతికి ఆ వాసన తగిలింది. మన గుగ్గిలపు చెట్టు ఆకే అది. ఆకుల్ని పుల్లతో కుట్టిన దొప్పలో రెండు సందేశ్‌లు పెట్టి ఇచ్చేవారు. పెరుగైతే మట్టి పిడతలో. ఆకు పచ్చిదనం తీపికి కొంచెం అంటుకునేది. నేటి అట్టపెట్టెలో పెట్టిన సందేశ్‌కు అట్ట వాసనే తప్ప మరేమీ అంటడం లేదు.

పూరణ 5 (విశాఖపట్నం సభ్యులు):

ఈఁత చెట్టున నొలికిన యింపు రసముఁ
గాచి బెల్లమ్ము వండెడు కాలమందుఁ
జలికిఁ గంబళి ముసుఁగుతోఁ జనకుఁ డొకఁడు
మోసి తెచ్చిన సందేశమున్ దినిరట.

నిర్వాహకుడు:
ఈతచెట్టు అనగానే మనకు కల్లు గుర్తుకు వస్తుంది. వంగదేశీయుడికి చలికాలపు ఈతబెల్లం 'నొలెన్ గుడ్' గుర్తుకు వస్తుంది. రాత్రి కుండ కట్టి, తెల్లవారుజామున దించిన ఆ రసం ఎండ ఎక్కితే పులుస్తుంది కనుక వెంటనే కాచాలి. ఆ బెల్లంతో చేసిన సందేశ్ తెల్లగా ఉండదు, లేత గోధుమవన్నెలో ఉంటుంది. ఉత్తర కలకత్తాలో 1844లో మొదలైన గిరీశ్ చంద్ర దే, నకుర్ చంద్ర నంది దుకాణం పేరు వినగానే పాతవారు మొదట అడిగేది ఈ చలికాలపు సరుకునే. మీ పద్యంలో 'నొలికిన' అన్న పదం 'నొలెన్'ను తలపించడం యాదృచ్ఛికమో, చాతుర్యమో మీరే చెప్పాలి. 'జనకుఁ డొకఁడు' అన్న చోట 'ఒకఁడు' అవసరమా అన్నది నా సందేహం. తండ్రి ఎవరికైనా ఒకడే కదా.

విశాఖపట్నం సభ్యులు:
యాదృచ్ఛికమేనండీ, కాని ఇక మీదట చాతుర్యమనే చెప్పుకుంటాను.

నిర్వాహకుని పూరణ:
సందేశ్ అచ్చులను కొయ్యతోను రాతితోను చెక్కేవారు. శంఖం, చేప, పువ్వుతో పాటు పెండ్లి శుభాకాంక్షల అక్షరాలు కూడా వాటిలో ఉండేవి. అందుచేత మన సమస్యలో నిజానికి విరోధమే లేదు.

అచ్చు మీఁదను శుభమను నక్షరములఁ
జెక్కి యొత్తఁగఁ జదివి యచ్చెరువుతోడఁ
గనుల విందైన పిమ్మటఁ గడుపు నింప
మోసి తెచ్చిన సందేశమున్ దినిరట.

కొత్త సభ్యురాలు:
గురువుగారూ, యతి సవరించాను, కర్తను కూడా చేర్చాను. 'సాల' శబ్దాన్ని వదులుకోవలసి వచ్చింది. ఖరగ్‌పూర్ బాబాయిగారు మన్నించాలి.

వంగలిపి గడియారము వంకఁ దిరిగి
చూచుచుండఁగఁ గాలమ్ము సోలిపోయె;
తల్లి, పిన్నులు, తాత పత్రములఁ గట్టి
మోసి తెచ్చిన సందేశమున్ దినిరట.

ఖరగ్‌పూర్ సభ్యులు:
మన్నించడమేమిటి తల్లీ, 'సాల' పోయి పద్యం బాగుపడింది. ఆకూ పత్రమే, ఉత్తరమూ పత్రమే. మీ తాతగారు ఉత్తరాల కట్ట తెచ్చారని చదువుకుంటూ వచ్చి, చివరి పాదంలో 'తినిరట' దగ్గర ఉలిక్కిపడ్డాను.