బండి లేదు, బస్సే గతి: కడప నుంచి అడవిలోనో చెరువు కట్ట మీదో నడిచి రావాలంటే ఎక్కడికి పోవచ్చు?

పులిహోర_డబ్బా:

కడపలో ఉద్యోగానికి వచ్చి ఏడాదిన్నర అయింది. మాది ఒంగోలు వైపు. ఇక్కడి కొండల్ని ఆఫీసు కిటికీలోంచి చూడటమే తప్ప ఒక్కటీ ఎక్కింది లేదు. నాకు బండి నడపడం రాదు. రూమ్మేట్‌కి వచ్చు, కానీ బండి లేదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగులోనూ ఎక్స్‌ప్రెస్‌లోనూ ఆధార్ చూపిస్తే సున్నా టికెట్ ఇస్తున్నారు కదా, ఆదివారాలు రూములో పడి నిద్రపోవడం ఎందుకని బయల్దేరాం.

మొదటి ప్రయోగం రాయచోటి బస్సులో. గువ్వలచెరువులో దిగి కోవా తిన్నాం. దాని గురించి ఎవరూ అబద్ధం చెప్పలేదు. తర్వాత ఒక మట్టిదారి కనిపిస్తే దాని వెంట నడిచాం. అరగంట కాలేదు, ఖాకీ చొక్కా ఆయన ఒకరు ఎదురొచ్చి ఎవరు, ఎందుకొచ్చారు, బ్యాగులో ఏముంది అని మొదలుపెట్టారు. పులిహోర డబ్బా మూత తీసి చూపించాక గానీ నమ్మలేదు. "నడవడానికా? నడవడానికి ఊళ్లో రోడ్డు లేదా తల్లీ?" అన్నారు. అప్పట్నుంచి రూమ్మేట్‌కి అడవి అంటేనే టెన్షన్.

మాకు కావలసింది ఇది. బస్సు దిగిన దగ్గర్నుంచి నడకే, ఆటో బేరాలు వద్దు. రెండు మూడు గంటలు నడవగలం. నీళ్లుంటే మరీ మంచిది. చీకటి పడేలోపు కడపలో ఉండాలి. గండికోట చూసేశాం, దయచేసి మళ్లీ అదే చెప్పకండి.

పల్లెవెలుగు_రిటైర్డ్:

అమ్మా, ఆయన మిమ్మల్ని ఊరికే ఆపలేదు. పాలకొండలు, లంకమల, శేషాచలం అన్నీ ఎర్రచందనం కొండలు. ఆ చెట్టు ప్రపంచం మొత్తం మీద సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణపు కొసన, అంటే మన చుట్టుపక్కలే. దుంగల కోసం దొంగచాటుగా వచ్చే కూలీలు కూడా భుజాన సంచీ, సంచీలో అన్నం పెట్టుకునే వస్తారు. దూరం నుంచి చూసేవాడికి వాళ్ల సద్దికీ మీ పులిహోరకీ తేడా ఏం తెలుస్తుంది? అనుమతి లేకుండా రిజర్వు ఫారెస్టులో అడుగుపెట్టడమే తప్పు, చెట్టు ముట్టుకున్నా ముట్టుకోకున్నా.

నేను కండక్టరుగా ముప్పై ఒక్క ఏళ్లు చేసి దిగిపోయినవాణ్ణి. నా లెక్క ఒకటుంది. మన సీమలో బస్సు ఊళ్లోకి పోయేది మనుషుల కోసం, అడవిలోకి పోయేది దేవుడి కోసం. కాబట్టి గుడి ఉన్న అడవికి పోండి. దారి ఉంటుంది, తాగను నీళ్లుంటాయి, తిరుగు బస్సుంటుంది, ఎందుకొచ్చారని ఎవరూ అడగరు. దండం పెట్టుకోవడం, పెట్టుకోకపోవడం మీ ఇష్టం.

మొదటిసారికి ఒంటిమిట్ట చాలు. పాతిక కిలోమీటర్లు. రాజంపేట, తిరుపతి బస్సులన్నీ అటే పోతాయి, నాన్‌స్టాప్ కాకుండా చూసుకుని ఎక్కండి. ఒకే రాతిలో చెక్కిన సీతారామలక్ష్మణులు, పక్కన హనుమంతుడు ఉండడు. ఆ గుడి అందరూ చూస్తారు. చూసి అట్లాగే బస్సెక్కేస్తారు. చెరువు వైపు పోయేవాళ్లు తక్కువ.

మీరు చెరువు కట్ట మీద నడవండి. ఒకవైపు నీళ్లు, ఇంకోవైపు మళ్లు, మధ్యలో ఎత్తున మీరు. పొద్దున ఎండెక్కకముందు నీళ్ల పక్కన కదలకుండా కూర్చుంటే బుడుంగలు కనిపిస్తాయి. పిడికెడంత పిట్ట. చూస్తుండగానే బుడుక్కున మునుగుతుంది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టండి. పన్నెండో పదిహేనో అయ్యేసరికి మీరు చూసే చోట కాకుండా ఎక్కడో ఇరవై గజాల అవతల తేలుతుంది, ఏమీ ఎరగనట్టు. ఒకసారి అక్కడే టైరు పంక్చరై బస్సు ఆగితే, ఏ వైపు తేలుతుందని డ్రైవరూ నేనూ పందెం కాసుకున్నాం. టీ డబ్బులు నేనే కట్టాను. చెరువు నిండిన ఏడాదైతే మరవ పారేది కూడా చూడొచ్చు. మీ వైపు అలుగు అంటారు.

అసలైన అడవి కావాలంటే అహోబిలం. నల్లమల. నంద్యాల బస్సులో మైదుకూరు, చాగలమర్రి మీదుగా పోయి ఆళ్లగడ్డలో దిగి, అహోబిలం బస్సు పట్టుకోండి. దిగువ అహోబిలంలో దిగిపోవద్దు. ఎగువకి ఇంకో ఎనిమిది కిలోమీటర్లు, అక్కడిదాకా పోతుందా లేదా అని ఎక్కేముందే అడగండి. ఎగువ నుంచి జ్వాలా నరసింహస్వామి గుడి దాకా భవనాశి వాగు లోయ వెంబడే దారి. కొంత మెట్లు, కొంత బండలు. చివర్లో కొండ చరియ కిందుగా నడవాలి. వానలు పడ్డ రోజుల్లో పైనుంచి ధార నెత్తిన పడుతుంది, ఫోన్ కవర్లో పెట్టుకోండి. కింద చేతికర్రలు దొరుకుతాయి, సిగ్గుపడకుండా తీసుకోండి. ఇంకా పైనున్న నిటారు రాతి కొమ్ము, ఉగ్రస్తంభం, దాని జోలికి మాత్రం మొదటిసారి పోవద్దు.

ఇంకొక్క మాట, జీతం తీసుకుని నేర్చుకున్నది. బస్సు దిగగానే "ఆఖరి బస్సు ఎన్నింటికి?" అని అడగొద్దు. "ఆఖరి బస్సుకి ముందు బస్సు ఎన్నింటికి?" అని అడగండి. మీరు ఎక్కాల్సింది అదే. అది రాకపోతే ఆఖరిదన్నా ఉంటుంది. ఆఖరిది రాకపోతే ఏముంది, గుడి అరుగే. సాయంత్రం ఊళ్లోకి వస్తున్న బస్సును చూసి ధైర్యం తెచ్చుకోవద్దు కూడా. అది నైట్ హాల్టు అయితే పొద్దున దాకా కదలదు.

మరవ_గట్టు:

పెద్దాయన చెప్పిన నైట్ హాల్టు సంగతి నాకు అనుభవమే. మా అనంతపురం వైపు ఒక ఊళ్లో చెరువు చుట్టి వచ్చేసరికి బస్సు నిలబడి ఉంది. హమ్మయ్య అని ఎక్కి కూర్చున్నా. డ్రైవరన్న వెనక సీట్లో దుప్పటి పరుస్తున్నాడు. "అన్నా, ఎప్పుడు తీస్తారు?" అంటే "తెల్లారి ఐదుకి" అన్నాడు. తప్పు నాదే, అడగలేదు. రాత్రి వాళ్లతోపాటే సంగటి తిన్నా.

ఎప్పుడన్నా అనంతపురం వస్తే బుక్కరాయసముద్రం చూడండి. ఊరికి ఆనుకునే ఉంది. విజయనగరం నాటి చెరువు, పేరులోనే బుక్కరాయలు ఉన్నాడు. పక్కనే దేవరకొండ ఎక్కితే చెరువంతా కాళ్ల కింద ఉంటుంది. నీళ్లు లేని ఏడాది మాత్రం రావొద్దు, మనసు పాడవుతుంది.

కంపచెట్టు:

దేవుడున్న చోటికే పోవాలన్నది కొంచెం ఎక్కువైంది సార్. సిద్దవటం మరిచిపోయారా? బద్వేలు బస్సెక్కి దిగితే పెన్న ఒడ్డున మట్లి రాజుల కోట. గోడ వెంబడి ఒక చుట్టు తిరిగితేనే మంచి నడక. నదికి నీళ్లొచ్చే రోజుల్లో ఇసుకలోకి దిగొద్దు.

లంకమల లోపలికి మాత్రం సొంతంగా పోకండి. అది అభయారణ్యం. లోపలున్న శివుడి గుడి నిత్యపూజకోనకు జనం నడిచేది కూడా ఎక్కువగా శివరాత్రి సందడిలోనే. 1900 తర్వాత ఎవరి కంటా పడక, ఇక లేదనుకున్న కలివికోడి 1986లో మళ్లీ దొరికింది ఈ కంపచెట్లలోనే. చూస్తామని ఆశపడకండి, అది రాత్రి తిరిగే పక్షి. కానీ బస్సు కిటికీలోంచి ఆ పొదలు చూస్తున్నప్పుడు, అందులో ఎక్కడో పగలంతా పడుకుని ఉందని నాకు అనిపిస్తుంటుంది.

పులిహోర_డబ్బా:

ఆదివారం ఒంటిమిట్ట వెళ్లొచ్చాం! బుడుంగలు ఐదు. మా రికార్డు పంతొమ్మిది అంకెలు, అదీ రూమ్మేట్ వేగంగా లెక్కపెట్టింది కాబట్టి. తన చెప్పు ఒకటి బురదలో తెగిపోయింది, గుడి ముందు కొట్లో కొత్తవి కొన్నాం. తిరిగొచ్చేటప్పుడు మొదటి బస్సు కిటకిటలాడుతుంటే వదిలేశాం. వెనక ఇంకోటి ఉందని ముందే అడిగి పెట్టుకున్నాం కదా, కంగారు పడలేదు. ఏడాదిన్నరలో మొదటిసారి.

సార్, అహోబిలం ఒక్క రోజులో అవుతుందా?

పల్లెవెలుగు_రిటైర్డ్:

చీకటితోనే మొదటి బస్సు పట్టుకుంటే అవుతుంది. ఒంటిగంటకల్లా మళ్లీ ఎగువ అహోబిలంలో ఉండేటట్టు చూసుకోండి. అందదనిపిస్తే సగం దారిలోనైనా వెనక్కి తిరగండి, స్వామి ఎక్కడికీ పోడు. ఎండలు ముదరకముందే పోండి. డబ్బా మూత మాత్రం గట్టిగా పెట్టుకోవాలమ్మా, అక్కడ బ్యాగు తనిఖీ చేసేది కోతులు.