అప్‌డేట్: సీసం మీద ఫోటాన్ క్రాస్ సెక్షన్ ఎక్కువ వస్తోందన్న సమస్య తీరింది

ముందు అడిగింది క్లుప్తంగా: గ్లౌబర్ మోడల్‌తో (న్యూక్లియస్‌లోని ఒక్కో ప్రోటాన్, న్యూట్రాన్‌తో జరిగే ఢీలని కలిపి లెక్కించే పద్ధతి) ప్రోటాన్–సీసం లెక్క డేటాతో బాగానే కలుస్తోంది, అదే కోడ్‌లో ఫోటాన్ పెడితే మాత్రం హాడ్రాన్లు (ప్రోటాన్, మీసాన్ లాంటి క్వార్క్‌లతో చేసిన కణాలు) పుట్టే క్రాస్ సెక్షన్ (ఢీ జరిగే అవకాశాన్ని వైశాల్యంగా చెప్పే కొలత) సీసంలోని 208 న్యూక్లియాన్లూ (ప్రోటాన్లు, న్యూట్రాన్లు) విడివిడిగా ఉన్నట్టు దాదాపు 208 రెట్ల ప్రోటాన్ విలువకి, అంటే 100 జీఈవీ దగ్గర సుమారు 24 మిల్లీబార్న్‌లకి పోతోంది, డేటా చూస్తే బాగా కింద ఉంది.

వెక్టర్ మీసాన్ డామినెన్స్ (ఫోటాన్ రో లాంటి మీసాన్‌గా మారి హాడ్రాన్‌లా ఢీకొంటుందనే మోడల్) పెట్టమన్న సలహానే పనిచేసింది. ఫోటాన్ న్యూక్లియస్‌ని చేరకముందే కాసేపు రో మీసాన్‌గా మారి ఉంటుంది. అలా ఉండగా అది వెళ్లే దూరం 2ν/m², ఇందులో ν ఫోటాన్ శక్తి, m రో ద్రవ్యరాశి. 3 జీఈవీ దగ్గర 2 ఫెమ్టోమీటర్లే, 100 జీఈవీ దగ్గర 65 దాటుతుంది, సీసం వ్యాసార్థం చూస్తే 7 లోపే! అంటే లోపలికి వెళ్లేది దాదాపు హాడ్రానే, అది 2–3 ఫెమ్టోమీటర్లకే ఢీకొంటుంది కాబట్టి వెనకున్న న్యూక్లియాన్లు నీడలో పడతాయి. రో మళ్లీ మళ్లీ చెదరడం, దాంతోపాటు ఫేజ్ ఫ్యాక్టర్ (ఫోటాన్, రో తరంగాల మధ్య దూరంతో పెరిగే తేడా) కలిపాక వక్రం డేటా పక్కకి వచ్చేసింది. ఫేజ్ వదిలేస్తే తక్కువ శక్తి దగ్గర నీడ మరీ ఎక్కువవుతుంది, అది మాత్రం మర్చిపోకండి.

వుడ్స్–సాక్సన్ (న్యూక్లియస్‌లో సాంద్రత ఎలా పరుచుకుందో చెప్పే సూత్రం) పారామీటర్లు మార్చినా, లెక్కలో శాంపిల్స్ పెంచినా పెద్ద తేడా రాలేదు. ఎలక్ట్రాన్–పాజిట్రాన్ జంటల అనుమానం కూడా తప్పే, నేను పోల్చిన డేటాలో అవి ముందే తీసేసి ఉన్నాయి. ఇంకా పై శక్తుల్లో రో ఒక్కటీ సరిపోదు, గ్రిబోవ్ ఇనెలాస్టిక్ షాడోయింగ్ (మధ్యలో రో కాకుండా ఇంకా బరువైన స్థితులు ఏర్పడడం వల్ల పడే నీడ) కలపాలి. సాయం చేసిన అందరికీ థాంక్స్.