1968 జావా 250: పాత రంగు ఉంచాలా, కొత్త రంగు వేయించాలా?

తెనాలి నుంచి (ప్రశ్న):

మా నాన్నగారు 1968లో కొన్న జావా 250 గత 19 ఏళ్లుగా పశువుల పాకలో గోనెపట్టాల కింద ఉండిపోయింది. సంక్రాంతికి దాన్ని బయటికి తీసి, ఇంటి వెనక వసారాలో ఒక్కొక్క భాగమే విప్పడం మొదలుపెట్టాను. కిక్కు రాడ్డే గేరు రాడ్డుగా కూడా పనిచేసే ఆ బండిని ఇప్పుడు కిక్కు కొట్టబోతే రాయిని తన్నినట్లుంది, అంటే పిస్టన్ పట్టేసింది. టాంకును ఊపితే లోపల తుప్పు రేకులు గలగలమంటున్నాయి. అయితే మైసూరు ఫ్యాక్టరీలో వేసిన మెరూన్ రంగు ముప్పాతిక వంతు నిలిచే ఉంది, వెనక మడ్‌గార్డు మీద బంగారు గీత కూడా చెరగలేదు. చిన్నప్పుడు నాన్నగారు నన్ను టాంకు మీద కూర్చోబెట్టుకుని తిప్పేవారు. నేను రెండు చేతులూ ఆనించిన చోట రంగు అరిగి ఇనుము కనబడుతోంది. ఆదివారం వచ్చిందంటే ఆయన కిరసనాయిలు గుడ్డతో బండి తుడవకుండా టిఫిను కూడా చేసేవారు కాదు.

రంగంతా గీకించి, నికెల్ పాలిష్ చేయించి, షోరూములో ఉన్నట్లు తయారు చేద్దామని మా తమ్ముడు పట్టుబడుతున్నాడు. నాకు మనసొప్పడం లేదు. అనుభవం ఉన్నవారు ఏమంటారు?

కాకినాడ నుంచి:

మీ తమ్ముడి మాటే సబబని నా అభిప్రాయం. పాత రంగు మీద మమకారంతో నేను ఒక యెజ్డి బండి మడ్‌గార్డును నూనె పూసి అలాగే ఉంచాను. రెండు వర్షాకాలాలు గడిచేసరికి, పైకి నున్నగా కనబడుతున్న చోట బొటనవేలితో నొక్కితే వేలు లోపలికి దిగింది. తుప్పు రంగు కిందుగా పాకుతుంది కనుక మనకు కనబడే సమయానికి రేకులో సగం తినేసి ఉంటుంది. గీకించి, రంగు కింద ఎపాక్సీ ప్రైమరు (అడుగు పూత) కొట్టించి, అదే మెరూన్ వేయిస్తే ఇంకో 50 ఏళ్లు నిలుస్తుంది. ఇంకొక మాట. ప్రతి ఆదివారం బండి తుడుచుకున్న మనిషి ఈ రోజు ఉంటే, తుప్పు మరకలను జ్ఞాపకాలని దాచుకునేవారా, పెయింటరు దగ్గరికి పంపేవారా?

మైసూరు నుంచి:

నేను ఇరవై ఏళ్ల క్రితం ఇక్కడ స్థిరపడిన గుంటూరు జిల్లావాణ్ణి. ఐడియల్ జావా సంస్థ 1961లో ఈ ఊళ్లో బండ్లు తయారు చేయడం మొదలుపెట్టి, 1973 నుంచి వాటిని యెజ్డి పేరుతో అమ్మి, 1996లో మూతపడింది. కనుక ఆ ఫ్యాక్టరీ రంగు ఎంత మిగిలిందో అంతే, మళ్లీ వేయడానికి ఎవరూ లేరు. కాకినాడ మిత్రులు చెప్పిన తుప్పు నిజమే కానీ, సముద్రపు ఉప్పుగాలిలో నిలబడిన బండికీ, తెనాలిలో పాకలో గోనె కింద పొడిగా ఉన్న బండికీ ఒకే మందు వేయకూడదు.

ముందుగా ఒక అరచేయి మేర మాత్రమే శుభ్రం చేసి చూడండి. తల రుద్దుకునే షాంపూ కలిపిన నీళ్లు, మెత్తటి గుడ్డ, ఆ తరవాత చాలా తేలికగా రబ్బింగ్ కాంపౌండు చాలు. సీటు కింద, టూల్ బాక్సు లోపల ఎండ తగలని చోట అసలు మెరూన్ ఎలా ఉందో చూసి దానితో పోల్చుకోండి. ఇనుము బయటపడిన చోట మైనం పూస్తే గాలి తగలదు. టాంకు పక్కల క్రోమ్ మీది తుప్పు చుక్కలను అల్యూమినియం రేకుతో, వంటింట్లో వాడే పల్చటి రేకే, నీళ్లలో తడిపి రుద్దితే చాలా మటుకు పోతాయి. నికెల్ పాలిష్‌కు ఇస్తే ముందు బఫింగ్ చేస్తారు. అందులో రేకు అంచులు మొద్దుబారిపోతాయి, మీద వేసే నికెల్ పూతతో ఆ అంచులు తిరిగి రావు. రంగు రేపైనా వేయించుకోవచ్చు, గీకించినది మాత్రం తిరిగి తెచ్చుకోలేరు.

హైదరాబాదు నుంచి:

రంగు గురించి ఇంత వాదన నడుస్తూ ఉంటే ఇంజను సంగతి ఎవరూ ఎత్తలేదు. టూ స్ట్రోక్ ఇంజనులో పిస్టన్ కింద ఉండే గది గాలి చొరబడనంత బిగుతుగా ఉండాలి. అక్కడి రబ్బరు సీళ్లు ఇన్నేళ్లకు చెక్కలా గట్టిపడి ఉంటాయి. ఎడమవైపు సీలు పోతే గేరుబాక్సు ఆయిలును పీల్చుకుని పొగ కక్కుతుంది. కుడివైపు డైనమో వెనకది పోతే బయటి గాలి చేరి, పెట్రోలు పాలు తగ్గి, వేడెక్కి, మీరు కష్టపడి విడిపించిన పిస్టనే మళ్లీ పట్టేస్తుంది. కాబట్టి పాతది పాతగా ఉండాలనే నియమం ఇంజనుకు పనికిరాదు, దాన్ని పూర్తిగా విప్పాల్సిందే.

పిస్టన్‌ను సుత్తితో కొట్టకండి. డీజిలూ ఇంజనాయిలూ సమపాళ్లలో కలిపి ప్లగ్గు రంధ్రం గుండా పోసి వారం ఆగండి. తరవాత గేరులో పెట్టి వెనక చక్రాన్ని ముందుకూ వెనక్కూ మెల్లగా ఆడించండి. సిలిండరు లోపలి వెడల్పు అసలు కొలత 65 మిల్లీమీటర్లు. అరిగిపోయి ఉంటే విజయవాడ ఆటోనగర్‌లో బోరు కొట్టించవచ్చు (అంటే లోపలి గోడను కాస్త వెడల్పుగా కోయించడం), కానీ కొత్త పిస్టన్ చేతికి రాకముందు లేతు గడప తొక్కకండి. దొరికిన పిస్టన్‌ను బట్టి బోరు కొట్టించాలి గానీ, బోరు కొట్టించి పిస్టన్ కోసం ఊళ్లు తిరగకూడదు (నేను తిరిగాను, ఆరు నెలలు).

టాంకు లోపలి తుప్పుకు యాసిడ్ పోస్తే, ఒక్క చుక్క పొర్లినా మీరు కాపాడాలనుకుంటున్న రంగే పోతుంది. దాని బదులు కరెంటుతో తుప్పు వదిలించండి. పెట్రోలు వాసన పూర్తిగా పోయేదాకా కడిగి, చాకలి సోడా కలిపిన నీళ్లు నింపి, బ్యాటరీ చార్జరు నెగెటివ్ తీగను టాంకుకు, పాజిటివ్‌ను టాంకుకు తగలకుండా లోపలికి వేలాడదీసిన ఇనుప కడ్డీకి కలపండి. స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ వాడితే విషపూరితమైన క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. హైడ్రోజను వెలువడుతుంది కనుక ఆరుబయటే చేయండి, దగ్గరలో నిప్పు ఉండకూడదు. ఇప్పుడు బంకుల్లో పోస్తున్న పెట్రోలులో 20 శాతం దాకా ఎథనాల్ ఉంటోంది. అది తేమను పీలుస్తుంది కాబట్టి, లోపల పూత వేయిస్తే ఎథనాల్‌కు తట్టుకునేదే వేయించాలి.

కాకినాడ నుంచి:

ఇంజను విషయంలో ఒప్పుకుంటున్నాను. అయితే 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ (పాతకాలపు బండ్ల) నియమాలను కూడా చూడండి. మొదటి రిజిస్ట్రేషను నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను మార్పులకు లోనుకాని బండి వాటి కిందికి వస్తుంది. కొత్తగా నమోదు చేయిస్తే రుసుము 20,000 రూపాయలు, ఇదివరకే నమోదైన బండి పాత నంబరునే ఉంచుకోవచ్చు. కాకపోతే అలా నమోదైన బండిని రోజువారీ తిరగడానికి వాడకూడదు. అదే మెరూన్ మళ్లీ వేయించడాన్ని ఛాసిస్ మార్పని గానీ, ఇంజను మార్పని గానీ ఎవరూ అనలేరు. అధికారులకు లేని అభ్యంతరం మనకెందుకు?

మైసూరు నుంచి:

అధికారులు పేపర్లు చూస్తారు. తెనాలి మిత్రులు అడిగింది టాంకు మీద అరిగిన చోటు గురించి.

తెనాలి నుంచి:

అందరికీ ధన్యవాదాలు. నిన్న అరచేయి మేర తుడిచి చూశాను. నల్లటి జిడ్డు కింద, టూల్ బాక్సు లోపల ఉన్న మెరూనే బయటపడింది, కాస్త వెలిసిందంతే. కాకినాడ వారి మాట ప్రకారం ముందు చక్రం మడ్‌గార్డు అడుగున స్క్రూడ్రైవరుతో పొడిచాను, రెండు చోట్ల అటు నుంచి ఇటు వచ్చింది. కాబట్టి దానికి టింకరింగ్, కొత్త రంగు తప్పవు. టాంకు, వెనక మడ్‌గార్డు ఉన్నవి ఉన్నట్లే ఉంటాయి. ముందొక రంగు వెనకొక రంగు ఏమిటని తమ్ముడు నవ్వుతున్నాడు, ఇంకా ఒప్పుకోలేదు. ప్లగ్గు రంధ్రంలో డీజిలు పోసి ఇవాళ్టికి నాలుగో రోజు. పిస్టన్ ఇంకా కదల్లేదు.